దేవుడు దూరమైనట్టున్నప్పుడు కీర్తనలు ఎలా చదవాలి

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో, కొత్త సంవత్సరానికని ఒక బైబిలు వచనం అచ్చు వేసి ఇచ్చిన వాగ్దానం కార్డు బీరువా తలుపు మీద ఇంకా అతికించే ఉంటుంది. రోజూ దాని పక్కనుంచే వెళ్తుంటారు. మోకరిస్తే మాట రాదు. వచ్చిన మాట పైకప్పు దాటినట్టు ఉండదు. ఆదివారం అందరూ చేతులెత్తి పాడుతుంటే మీరు పెదవులు మాత్రం కదిపి ఇంటికొచ్చేస్తున్నారు. ఎవరైనా అడిగితే "ప్రభువు కృప, బాగున్నాం" అంటున్నారు.

ఇలాంటి సమయంలో చాలామంది నేరుగా వాగ్దానాల దగ్గరికి వెళ్తారు. అది మనసుకు అంటకపోతే లోపం తమ విశ్వాసంలోనే ఉందనుకుంటారు. నిజానికి మొదలుపెట్టాల్సింది మొర దగ్గర. బైబిల్లోని 150 కీర్తనల్లో దాదాపు మూడో వంతు మొరలే. "నీవు కనబడటం లేదు" అని దేవుడి మొహం మీదే చెప్పిన మాటలవి. అవి లేఖనంలోనే ఉన్నాయి కాబట్టి మీరూ అనొచ్చు. కింద చెప్పే పద్ధతికి మూడు నాలుగు వారాలు పడుతుంది. రోజుకు పావుగంట చాలు.

1. ముందు అన్నం, నిద్ర

1 రాజులు 19వ అధ్యాయం ఒకసారి తీసి చూడండి. కర్మెలు కొండ మీద అంత గెలుపు చూసిన ప్రవక్త ఏలీయా, రాణి యెజెబెలు పంపిన ఒక్క కబురుకు హడలిపోయి అరణ్యంలోకి పారిపోయాడు. బదరీవృక్షం కింద కూర్చుని చావు అడిగాడు. దేవదూత వచ్చి అతనికి ప్రసంగం చేయలేదు, "నీ విశ్వాసం ఏమైంది" అని నిలదీయలేదు. తట్టి లేపి, లేచి తినమన్నాడు. తల దగ్గర నిప్పుల మీద కాల్చిన అప్పం, నీళ్లబుడ్డి. తిని మళ్లీ పడుకున్నాడు. రెండోసారి కూడా అదే: లే, తిను. ఆ తిండి బలంతోనే 40 పగళ్లు 40 రాత్రులు నడిచి హోరేబు కొండ చేరాడు. "మిక్కిలి నిమ్మళముగా మాటలాడు ఒక స్వరము" వినబడింది అక్కడే. తిండి, నిద్ర, నడక అయ్యాకే స్వరం.

కాబట్టి మొదటి మూడు రోజులు ఏ కొత్త ప్రార్థన నియమమూ పెట్టుకోకండి. మూడు పూటలా తినండి, వేళకు పడుకోండి, సాయంత్రం అరగంట నడవండి. దేవుడు దూరమయ్యాడనిపించగానే ఉపవాస ప్రార్థన మొదలుపెట్టడం మన దగ్గర బాగా అలవాటు. నీరసించిన మనిషి కడుపు మాడ్చుకుంటే చీకటి ఇంకా చిక్కబడుతుంది. షుగరుకో బీపీకో మాత్రలు వాడేవాళ్లయితే ఆ ఆలోచనే వద్దు.

2. దగ్గర పెట్టుకోవలసినవి

కాగితం బైబిలు, 100 పేజీల నోటుబుక్కు, ఒక పెన్సిలు. ఫోన్లో బైబిలు ఉన్నా ఈ పనికి పుస్తకమే మేలు. ఫోన్లో చదువుతుంటే మధ్యలో వాట్సాప్ మోగుతుంది, పైగా మార్జిన్‌లో పెన్సిలుతో రాసుకోవడానికి చోటుండదు. ఆ మార్జిన్‌తో చివర్లో పని ఉంది.

ఇంట్లో ఏకాంతం దొరక్కపోతే డాబా మీద కూర్చోండి, లేదా చర్చి తెరిచి ఉండే వేళ చూసుకుని వెనక బల్ల మీద కూర్చోండి. గల్ఫ్ క్యాంపు గదిలో ఆరుగురి మధ్య ఉన్నవాళ్లు దుప్పటి కప్పుకుని పెదవులతో చదివినా సరిపోతుంది. కళ్లతో చదవడం మాత్రం చాలదు. కీర్తనలు నోటితో పలకడానికి రాసినవి. మనసు మొద్దుబారినప్పుడు కళ్లు అక్షరాల మీద జారిపోతాయి, నోరు అలా జారిపోలేదు.

నైట్ షిఫ్టు చేసేవాళ్లు తెల్లవారుజామున అలసిపోయి వచ్చి చదవొద్దు. పడుకుని లేచాక చదవండి.

3. ఒక వారానికి ఒకే కీర్తన

సంవత్సరంలో బైబిలు పూర్తి చేసే పట్టిక ప్రకారం చదువుతుంటే దాన్ని కొన్నాళ్లు పక్కన పెట్టండి. 1,189 అధ్యాయాలను 365 రోజులకు పంచితే రోజుకు మూడు పైనే పడతాయి. ఎండిపోయిన మనిషికి అది మోత బరువు. రెండు రోజులు వెనకబడితే మూడో రోజు దోషభావన కూడా దానికి తోడవుతుంది.

దేవుడు నన్ను మరిచిపోయాడనిపిస్తే 13వ కీర్తన. ఒకప్పుడు ఆరాధనలో ఉన్న ఆనందం ఇప్పుడు లేదనిపిస్తే 42, 43. రాత్రిళ్లు నిద్ర పట్టక, పాత రోజులు తలుచుకుంటే ఇంకా బాధ ఎక్కువవుతుంటే 77. మనుషులు ఎగతాళి చేస్తుంటే 22. ఏది వర్తిస్తుందో తేల్చుకోలేకపోతే 13తోనే మొదలుపెట్టండి. ఆరే వచనాలు కాబట్టి అలసిన తలకు సరిపోతుంది.

కళ్లు మూసుకుని బైబిలు తెరిచి వేలు పెట్టి, తగిలిన వచనమే దేవుడి జవాబు అనుకునే పద్ధతి ఈ రోజుల్లో అసలు వద్దు. వేలు ఏ వంశావళి మీదో పడితే "ఇందులో కూడా నాతో మాట్లాడలేదు" అనిపిస్తుంది. ఏ తీర్పు మీదో పడితే నిద్ర ఉండదు.

4. మొదటి వారం: 13వ కీర్తన

మొదటి రోజు గట్టిగా మూడుసార్లు చదవండి, అంతే. "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు? నిత్యము మరచెదవా?" అని మొదలవుతుంది. హీబ్రూ మూలంలో మొదటి రెండు వచనాల్లో ఒకే ప్రశ్న నాలుగుసార్లు వస్తుంది: ఎంతకాలం, ఎంతకాలం, ఎంతకాలం, ఎంతకాలం. మన పాత అనువాదం దాన్ని ఒకచోట "ఎన్నాళ్లవరకు", ఒకచోట "ఎంతకాలము", మరోచోట "ఎంతవరకు" అని మార్చి మార్చి రాసింది. చదవడానికి అందంగానే ఉంది కానీ తలుపు మీద ఒకే చేత్తో దబదబా బాదినట్టుండే ఆ దెబ్బ కొంచెం మెత్తబడింది. ఒకసారి నాలుగు చోట్లా "ఎంతకాలం" అనే పెట్టి చదివి చూడండి.

రెండో రోజు ఆ ప్రశ్నల కింద మీ సంగతి రాయండి. పెద్ద మాటలు వద్దు. "ప్రభువా, నాకు శ్రమలున్నాయి" అని రాస్తే అది ఎవరి ప్రార్థనైనా కావచ్చు. "ఉద్యోగం పోయి ఎనిమిది నెలలైంది. మొన్న మూడో ఇంటర్వ్యూ కూడా పోయింది. అమ్మ అడిగినప్పుడల్లా అబద్ధం చెబుతున్నాను. నీకిది కనబడుతోందా?" అని రాస్తే అది మీదే. కోపం వస్తే కోపమే రాయండి. చాలామంది ఇక్కడే ఆగిపోతారు, దేవుడితో ఇలా మాట్లాడితే పాపమేమోనని భయం. కష్టాల్లో కూరుకుపోయిన యోబు ఇంతకంటే ఘాటుగా మాట్లాడాడు. చివరికి యోబు గ్రంథం 42:7లో దేవుడు కోపగించుకున్నది నీతులు చెప్పిన స్నేహితుల మీద, యోబు మీద కాదు.

మూడో రోజు రాసినది పక్కన పెట్టి, కీర్తన మాత్రం చదవండి.

నాలుగో రోజు 3, 4 వచనాలు. "నా కన్నులకు వెలుగిమ్ము" అని అడుగుతున్నాడు ఈ కీర్తన రాసిన దావీదు. అడిగింది ఎంత చిన్నదో చూడండి. సమస్యంతా తీర్చమని కూడా అనలేదు, మొదట చూపు ఇమ్మన్నాడు. మీరూ ఒక్క చిన్న సంగతి అడగండి: ఈ రాత్రి నిద్ర, రేపటి ఫోన్ కాల్‌కు ధైర్యం.

ఐదో రోజు ఐదో వచనం. "నేనైతే" అనే మాటతో కీర్తన మలుపు తిరుగుతుంది. నాలుగో వచనానికీ ఐదో వచనానికీ మధ్య దావీదు బయటి పరిస్థితి మారిందని కీర్తన ఎక్కడా చెప్పదు. శత్రువు అక్కడే ఉన్నాడు. మారింది మాట ఒక్కటే. ఆ "నేనైతే" మీ నోట నిజంగా రాకపోతే రప్పించుకోకండి. "నేనైతే... ఇంకా తెలియదు" అని రాసి ఆపేయండి. అది కూడా ప్రార్థనే.

ఆరో రోజు మీరు రాసినవన్నీ కలిపి ఆరు వాక్యాలుగా రాసుకోండి. ఏడో రోజు రాయడం వద్దు, కీర్తన చూడకుండా ఎంత గుర్తుంటే అంత చెప్పండి.

ఈ వారంలో మనసు తేలికపడకపోవచ్చు. పడకపోతే పద్ధతి తప్పిందని కాదు. మొదట కనబడే గుర్తులు వేరు: ఒక నిజమైన వాక్యం బయటికొచ్చింది, చాన్నాళ్లకు ఏడుపొచ్చింది, ఒక రాత్రి కాస్త తొందరగా నిద్ర పట్టింది. ఆదరణ ఎక్కువసార్లు ఈ దారినే వస్తుంది.

5. రెండో వారం: 42, 43 కలిపి

చాలా హీబ్రూ ప్రతుల్లో ఈ రెండూ ఒకే కీర్తన. అందుకే 43కు పైన శీర్షిక ఉండదు. ఒకే పల్లవి మూడుసార్లు వస్తుంది, 42:5, 42:11, 43:5లో: "నా ప్రాణమా, నీవేల క్రుంగియున్నావు? నాలో నీవేల తొందరపడుచున్నావు?"

ఇక్కడ "తొందరపడు" అన్న మాట దగ్గర జాగ్రత్త. ఈ రోజు మనం తొందర అంటే త్వరపడటం అనుకుంటాం. ఓపిక లేదని కీర్తనకారుడు తనను తిట్టుకుంటున్నాడనిపిస్తుంది. ఆ అనువాదంలో దాని అర్థం కలత, లోపల అలజడి. పల్లవిలో తర్వాత వచ్చే "నిరీక్షణ" కూడా అంతే. ఊరికే ఎదురుచూడటం అని కాదు, ఆశ పెట్టుకోవడం. ఈ రెండు మాటలు సరిగ్గా పట్టుకుంటే పల్లవి మందలింపులా కాక, భుజం మీద చెయ్యి వేసినట్టు వినబడుతుంది.

ఈ వారం చేయాల్సింది: ఉదయం, మధ్యాహ్నం, రాత్రి, మూడు పూటలా పల్లవి ఒక్కసారి పలకండి. కీర్తనలో అది మూడుసార్లు ఎందుకు రావలసివచ్చిందో రెండో రోజుకే తెలిసిపోతుంది. మొదటిసారి చెప్పాక కూడా ఆ మనిషి మళ్లీ మునిగిపోయాడు. 42లో ఏడో వచనంలో "కరడు కరడును పిలుచుచున్నది" అంటాడు. కరడు అంటే అల. బంగాళాఖాతం ఒడ్డున అలల్లోకి దిగినవాళ్లకు ఇది విడమరచక్కర్లేదు: ఒక అల నుంచి లేచేలోపే ఇంకొకటి. ఆ వచనంలోనే అవి "నీ" అలలని అంటాడు. ముంచుతున్న నీళ్లు కూడా ఆయనవేనన్నమాట. అది ఓదార్పో ఫిర్యాదో కీర్తన తేల్చి చెప్పదు. మీరూ ఈ వారమే తేల్చనక్కర్లేదు.

6. మూడో వారం: 77, పెన్సిలుతో

ఆసాపు కీర్తన ఇది. నిద్ర పట్టని రాత్రి. దేవుణ్ని తలుచుకుంటే ఓదార్పుకు బదులు నిట్టూర్పు వస్తోందని దాచకుండా చెప్పేశాడు. 7 నుంచి 9 వరకు అన్నీ ప్రశ్నలే: ప్రభువు ఎప్పటికీ విడిచిపెట్టేశాడా, కృప అయిపోయిందా, కనికరించడం మరిచాడా?

1 నుంచి 6 వచనాల్లో "నేను, నా" ఉన్న చోటల్లా పెన్సిలుతో గీత గీయండి. తర్వాత 11 నుంచి 20 వరకు "నీవు, నీ" ఉన్న చోట సున్నా చుట్టండి. పేజీ చూస్తేనే తెలుస్తుంది, మాట ఎవరి మీద నుంచి ఎవరి మీదకు మళ్లిందో.

అయితే ఆసాపు దేన్ని గుర్తు చేసుకున్నాడు? తన సొంత సాక్ష్యాన్ని కాదు. తాను పుట్టకముందు ఎప్పుడో ఇశ్రాయేలు జనం ఎర్రసముద్రం దాటిన సంగతి తెచ్చుకున్నాడు. ఇది ఎండిపోయినవాళ్లకు పెద్ద వెసులుబాటు. సాక్ష్యాల కూటంలో "గత సంవత్సరం దేవుడు నాకు చేసిన మేలు" అని చెప్పడానికి మీ దగ్గర ఏమీ లేకపోవచ్చు. జనమంతటి జ్ఞాపకాన్ని అరువు తెచ్చుకోవచ్చు. నోటుబుక్కులో ఐదు సంగతులు రాయండి. బైబిల్లోవి మూడు, మీ ఇంట్లో పెద్దవాళ్లు చెప్పినది ఒకటి, దొరికితే మీ సొంతానిది ఒకటి. "శాంతి కలిగింది" లాంటి అనుభూతులు రాయొద్దు. ఏం జరిగిందో అది రాయండి.

తర్వాత 19వ వచనం దగ్గర ఆగండి. దేవుడి దారి సముద్రంలో ఉందట, ఆయన అడుగుజాడలు మాత్రం "గుర్తింపబడక యుండెను." ఇశ్రాయేలు చరిత్రలోనే అంతకుమించిన విడుదల లేదు. ఆ రోజు కూడా అడుగుజాడ కనబడలేదు. ఈ ఒక్క వచనం మీద రెండు రోజులు ఉండిపోయినా పరవాలేదు.

7. 88వ కీర్తన గురించి ఒక మాట

ఇందులో "నేనైతే" లేదు, మలుపు లేదు. 18 వచనాల తర్వాత "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని ముగుస్తుంది. హీబ్రూలో చివరి పదమే చీకటి. దీన్ని సరిచేయకుండా, వెంటనే 89 చదివి మూత పెట్టకుండా, అలాగే చదవండి. ఇంత చీకటి మాటను కూడా ప్రార్థనల పుస్తకంలో ఉంచారు, తీసేయలేదు. అయితే ఒంటరిగా, అర్ధరాత్రి, రోజూ ఇదే చదవొద్దు. పగటిపూట, వారానికి ఒకసారి చాలు.

8. ఇప్పుడు వాగ్దానం కార్డు

ఇప్పుడు బీరువా మీది కార్డు తీసి, దాని మీది వచనాన్ని బైబిల్లో వెతకండి. అంతకు ముందు పది వచనాలు, తర్వాత పది వచనాలు చదవండి. కార్డు మీద ఎక్కువగా కనబడేది యిర్మీయా 29:11, సమాధానకరమైన ఉద్దేశములు అన్న వచనం. దాని పైనున్న పదో వచనం కార్డు మీద ఉండదు: బబులోనులో డెబ్బై సంవత్సరాలు గడిచాక. అది బబులోనుకు చెరగా వెళ్లినవాళ్లకు యిర్మీయా రాసిన ఉత్తరం. ఆ ఉత్తరం అందుకున్నవాళ్లలో చాలామంది తిరిగి ఇంటికి వెళ్లలేదు. ఐదో వచనంలో వాళ్లకు చెప్పింది ఇళ్లు కట్టుకోమని, తోటలు నాటమని. వాగ్దానం తప్పని దీని అర్థం కాదు. డిసెంబరులోపు ఉద్యోగం వస్తుందన్న హామీ అది కాదని అర్థం. ఈ తేడా తెలియక కార్డును పట్టుకుని కూర్చున్నవాళ్లే మరుసటి జనవరికి ఎక్కువ దెబ్బతింటారు.

విలాపవాక్యములు 3:22, 23 కూడా అంతే. అనుదినమూ కొత్తగా పుట్టే వాత్సల్యత అన్న ఆ మాట ఐదు అధ్యాయాల ఏడుపుకు నడుమ ఉంది. అదే అధ్యాయం మొదటి 20 వచనాలు చదివి, ఆ తర్వాత 22 చదవండి. కార్డు మీద చూసినప్పటికంటే ఎంత బరువుగా ఉంటుందో.

9. "నీలో ఏదో పాపం ఉంది" అన్నప్పుడు

ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. ఇది తేల్చుకోవడానికి ఒక పరీక్ష ఉంది. మీ మనసులో తప్పుకు పేరుందా? ఫలానా రోజు ఫలానా మనిషికి చేసిన అన్యాయం, దాచిన డబ్బు, తెగని సంబంధం, ఇలా స్పష్టంగా ఉంటే 32, 51 కీర్తనలు చదివి ఒప్పుకోండి, సరిదిద్దగలిగింది సరిదిద్దండి. 32:3లో దావీదు, మౌనంగా ఉన్నంతకాలం ఎముకలు క్షీణించాయంటాడు. అదే, పేరులేని నేరభావం మాత్రమే ఉండి, ఎంత వెతికినా దేని మీదా వేలు పెట్టలేకపోతే తవ్వడం ఆపండి. యోహాను 9లో పుట్టు గుడ్డివాణ్ని చూసి శిష్యులు ఎవరి పాపమని అడిగారు. ఎవరిదీ కాదన్నాడు యేసు.

గుడ్ ఫ్రైడే రోజు, సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల ఆరాధనలో నాలుగో మాట ఏటా వింటాం: "నా దేవా, నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచితివి." అది 22వ కీర్తన మొదటి వచనం. పాపం లేనివాడి నోట కూడా ఆ మాట వచ్చింది.

10. మాటే రానప్పుడు, మనిషి కావాల్సినప్పుడు

కొన్ని రోజులు పెన్సిలు కూడా పట్టలేరు. రోమా 8:26 అలాంటి రోజుల కోసమే, ఉచ్చరించలేని మూలుగులతో ఆత్మే మన పక్షాన విజ్ఞాపన చేస్తాడని. ఆ రోజుకు ఒక్క పంక్తి ఎంచుకుని, ఊపిరి తీస్తూ సగం, వదులుతూ సగం అనండి. "నా కన్నులకు" అని తీసుకుని "వెలుగిమ్ము" అని వదలండి. ఐదు నిమిషాలు చాలు.

ఒక్క మనిషికైనా చెప్పండి, కానీ ఏం కావాలో ముందే చెప్పండి. లేకపోతే సలహాలు మొదలవుతాయి. "అక్కా, నాకిప్పుడు ప్రసంగం వద్దు. వారానికి ఒకసారి ఫోన్ చేసి 13వ కీర్తన చదివి వినిపించు, చాలు" అని అడగొచ్చు. యోబు స్నేహితులు ఏడు పగళ్లు ఏడు రాత్రులు నోరు మెదపకుండా పక్కన కూర్చున్నంతసేపు బాగానే ఉన్నారు. నోరు తెరిచాకే చెడగొట్టారు.

రెండు వారాలకు పైగా నిద్ర, ఆకలి పోయి, ఏ పనిమీదా మనసు నిలవకపోతే డాక్టరు దగ్గరికి వెళ్లండి. కుంగుబాటు జబ్బయినప్పుడు దేవుడు దూరమైనట్టే అనిపిస్తుంది. మందులు వాడుతూ కీర్తనలు చదువుకోవచ్చు. ఎవరో ప్రార్థన చేశారని మాత్రలు మానేయొద్దు. చావు ఆలోచనలు వస్తుంటే ఆ రాత్రి ఒంటరిగా ఉండకండి, పక్కవాళ్లను లేపండి. కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

11. మార్జిన్

ఈ వారాలన్నిటిలో ఏ వచనం దగ్గర ఒక్క క్షణమైనా ఆగారో, దాని పక్కన మార్జిన్‌లో పెన్సిలుతో తేదీ వేయండి. వివరణ వద్దు, తేదీ చాలు. మనసు ఎండిపోయే ఇలాంటి కాలం మళ్లీ వస్తుంది. అప్పుడు ఎక్కడ తెరవాలో వెతుక్కోనక్కర్లేకుండా, తేదీలున్న పేజీ దగ్గరికి వెళ్లండి. కొత్త తేదీని పాతదాని కిందే వేయండి.